పొసెషన్, హై ప్రెస్: రెండిటినీ ఒకే జట్టుకు ఎలా నేర్పాలి

మీ ఫుట్‌బాల్ జట్టుకు బంతి పట్టుకుని ఆడటం, అంటే పొసెషన్, వచ్చేసింది అనుకుందాం. వెనక నుంచి చిన్న పాసులతో పైకి వస్తున్నారు. ఇప్పుడు బంతి పోయినప్పుడు ఎదుటివాళ్ల సగంలోనే దాన్ని మళ్లీ లాక్కోవాలని, అంటే హై ప్రెస్ చేయాలని, మీ కోరిక. లేదా మీది ఇంకో రకం సమస్య కావచ్చు: కుర్రాళ్లు ప్రెస్సింగ్ బాగానే చేస్తారు, బంతి దొరికాక మూడు పాసుల్లో పోగొట్టుకుంటారు. ఈ రెండిటికీ మందు ఒక్కచోటే ఉంది. బంతి మన దగ్గర ఉన్నప్పుడు మనవాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో అక్కడ చూడాలి.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చాలాకాలం ఒకరోజు పొసెషన్, ఇంకోరోజు ప్రెస్సింగ్ అని విడివిడిగా నేర్పాను. ఒక మ్యాచ్‌లో బంతి దాదాపు అంతసేపూ మా దగ్గరే ఉంది, అయినా 3-0తో ఓడిపోయాం. మూడూ కౌంటర్ ఎటాక్ గోల్సే, అంటే మా దగ్గర బంతి లాక్కున్న వెంటనే ఎదురుదాడికి దిగి కొట్టినవి. ఆ రాత్రి ఫోన్‌లో తీసిన వీడియో పెట్టుకుని, బంతి పోయిన ప్రతిచోటా ఆపి, దానికి దగ్గర్లో మావాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టాను. చాలాసార్లు ఒక్కడే ఉన్నాడు. కుర్రాళ్లు పరిగెత్తకపోవడం కాదు, పరిగెత్తి అందుకునేంత దగ్గరలో వాళ్లు లేరు. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) మీద నిలబడి "ప్రెస్, ప్రెస్" అని నేను అరిచినందువల్ల ఆ దూరం తగ్గదు కదా.

అప్పటినుంచి నేను పాటిస్తున్న క్రమం ఇది. 11 మంది ఆటను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. చిన్నపిల్లల ఆటకైతే దూరాలు తగ్గించుకోండి.

1. ముందు మీ దగ్గర ఎవరున్నారో చూడండి

మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. మీ సెంటర్‌బ్యాక్‌లు (మధ్యలో ఆడే డిఫెండర్లు) వెనక్కి తిరిగి పరిగెత్తితే ఎదుటి ఫార్వర్డ్‌ను అందుకోగలరా? మీ గోల్‌కీపర్ పెనాల్టీ బాక్సు దాటి బయటికి వచ్చి బంతిని కొడతాడా? వెన్నుమీద మనిషి ఉన్నా కంగారుపడకుండా బంతి అందుకునే మిడ్‌ఫీల్డర్ ఒక్కడైనా ఉన్నాడా?

మొదటి రెండిటికీ జవాబు "లేదు" అయితే మీ వెనక లైన్‌ను, అంటే డిఫెండర్ల వరసను, సెంటర్ లైన్ దాటించకండి. ఇందులో నియమానికి సంబంధించిన కారణం ఒకటుంది. తన సొంత సగంలో ఉన్న ఆటగాడికి ఆఫ్‌సైడ్ (పాస్ కొట్టే క్షణానికి ఎదుటి డిఫెండర్లను దాటి ముందున్నవాడు ఆ బంతి ఆడకూడదన్న నియమం) వర్తించదు. మీ డిఫెండర్లు సెంటర్ లైన్ దాటి పైకి వెళ్తే, ఎదుటి ఫార్వర్డ్ వాళ్ల వెనక నిలబడినా, తన సగంలోనే ఉన్నంతవరకు ఆఫ్‌సైడ్ కాదు. గోల్ కిక్, త్రో ఇన్, కార్నర్ నుంచి నేరుగా బంతి అందుకున్నా ఆఫ్‌సైడ్ లేదు. హై లైన్ (డిఫెండర్లు బాగా పైకి వచ్చి నిలబడటం) అంటే ఉత్సాహపడే కోచ్‌లు ఈ సందర్భాలను పిల్లలకు చెప్పడం మర్చిపోతుంటారు.

మూడో ప్రశ్నకు జవాబు "లేదు" అయితే ఆ ఒక్కడిని తయారు చేయడంతోనే మొదలుపెట్టండి. మిగతావి తర్వాత.

2. దూరాలు కుదించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టమంటాను.

పెద్ద మ్యాచ్‌ల మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. పదిమందితో అదంతా కప్పడం ఎవరివల్లా కాదు. అందుకే 1989, 1990లో వరసగా యూరోపియన్ కప్ గెలిచిన ఏసీ మిలాన్ జట్టుకు కోచ్ అరీగో సాక్కి ముందు ఆటగాడికీ వెనక ఆటగాడికీ మధ్య దూరాన్ని 25 మీటర్ల దగ్గర ఉంచాలని చూసేవాడు. జట్టంతా ఒక ముద్దగా కదిలేది. బంతి లేనప్పుడు దగ్గరగా ఉండాలని అందరికీ తెలుసు. బంతి ఉన్నప్పుడూ ఆ దగ్గరితనం ఎంతో కొంత నిలబెట్టుకోవాలి, ఎందుకంటే బంతి పోయేది సరిగ్గా అప్పుడే.

10 మీటర్ల పాస్‌ను ఎదుటివాడు మధ్యలో అడ్డుకున్నాడు అనుకోండి. పాస్ ఇచ్చినవాడు, అందుకోవాల్సినవాడు ఇద్దరూ అతని పక్కనే ఉంటారు. రెండు అడుగుల్లో మీద పడొచ్చు. అదే 40 మీటర్ల పాస్ పోతే అక్కడ మనవాడు ఒక్కడే మిగులుతాడు, మిగతావాళ్లు చేరేసరికి బంతి మన గోల్ దగ్గర ఉంటుంది. చిన్న పాసులతో ఆడటం చూడటానికి బాగుంటుందని నేర్పించకండి. బంతితోపాటు జట్టూ పైకి రావడానికి అది మార్గమని చెప్పండి.

ఆచరణలో మూడు అలవాట్లు చేయించండి. మొదటిది, ముందుకు పాస్ వెళ్లిన ప్రతిసారీ వెనక లైన్ నాలుగైదు అడుగులు పైకి రావాలి. పాస్ కొట్టి అక్కడే నిలబడి చూడటం మనవాళ్లకు బాగా అలవాటు, అది మాన్పించాలి. రెండోది, బంతి ఉన్నవాడికి 10 నుంచి 15 మీటర్లలో కనీసం మూడు దారులు ఉండాలి: ఒకటి ముందుకు, ఒకటి పక్కకు, ఒకటి వెనక్కి. మూడోది, బంతి ఎడమవైపు ఉంటే కుడి ఫుల్‌బ్యాక్ (పక్కన ఆడే డిఫెండర్) టచ్‌లైన్ వదిలి మధ్యలోకి జరగాలి. అటువైపు వెడల్పు కోసం వింగర్ (పక్కన ఆడే ఎటాకర్) ఒక్కడు చాలు.

దీన్ని బోర్డు మీద గీసి చూపిస్తే తలలు ఊపుతారు గానీ మ్యాచ్‌లో మర్చిపోతారు. ప్రాక్టీసులో ఆట నడుస్తుండగా ఒక్కసారిగా విజిల్ వేసి అందరినీ ఎక్కడివాళ్లను అక్కడే ఆపండి. "ఇప్పుడు బంతి పోయింది. ఎవరు వెళ్తారు?" అని అడగండి. తాము ఎంత దూరంలో ఉన్నారో వాళ్ల కళ్లకే కనపడుతుంది. నేను వంద మాటలు చెప్పినా రాని మార్పు ఈ విజిల్‌తో వచ్చింది.

3. ఎటాక్ చేస్తున్నప్పుడే వెనక అయిదుగురిని నిలబెట్టండి

మన జట్టు ఎదుటి పెనాల్టీ బాక్సు దగ్గర ఉన్నప్పుడు బంతి వెనక అయిదుగురు ఉండాలి. ముగ్గురు వెనక, వాళ్ల ముందు ఇద్దరు. 2022-23లో ప్రీమియర్ లీగ్, ఎఫ్ఏ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిన మాంచెస్టర్ సిటీలో ఇది స్పష్టంగా కనిపించింది. డిఫెండర్ జాన్ స్టోన్స్ ముందుకు జరిగి మిడ్‌ఫీల్డ్‌లో రోడ్రి పక్కన నిలబడేవాడు, వాళ్ల వెనక ముగ్గురు డిఫెండర్లు ఉండేవారు. దీనివల్ల పాసులకు మధ్యలో ఒక మనిషి ఎక్కువయ్యాడు, బంతి పోతే కౌంటర్ వచ్చే మధ్యదారీ మూసుకుపోయింది. ఒకే ఏర్పాటుతో రెండు పనులు జరిగాయి.

మీ జట్టులో స్టోన్స్ లాంటివాడు ఉండాల్సిన అవసరం లేదు. ఒక ఫుల్‌బ్యాక్ పైకి వెళ్తే రెండోవాడు ఆగిపోవాలి అన్న ఒక్క నియమంతో మొదలుపెట్టండి. ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ ఒకేసారి పైకి వెళ్లడం వల్లే మాకు ఆ మూడు గోల్స్ పడ్డాయి.

ఇంకో మాట. వెనక ఉన్న అయిదుగురు ఊరికే నిలబడితే లాభం లేదు. ఎదుటివాళ్లు ముందు ఎవరిని వదిలిపెట్టారో చూసి, బంతి ఇంకా మన దగ్గర ఉండగానే వాళ్ల దగ్గరికి జరిగి, గోల్‌కూ వాళ్లకూ మధ్య నిలబడాలి. "నువ్వు తొమ్మిది నంబరువాడిని చూడు, నేను పదకొండు నంబరువాడిని చూస్తా" అని బయటికి మాట్లాడుకోవాలి. వాళ్లు ఇద్దరిని వదిలితే మనం ముగ్గురిని ఉంచాలి.

4. బంతి పోయిన మొదటి 5 సెకన్లు

2008 నుంచి 2012 వరకు బార్సిలోనా కోచ్‌గా ఉన్న పెప్ గ్వార్డియోలా జట్టులో ఇది ప్రసిద్ధమైన నియమం: బంతి పోతే వెంటనే, అక్కడే, కొన్ని సెకన్లపాటు అందరూ కలిసి వేటాడాలి. దొరక్కపోతే వెనక్కి వచ్చి సర్దుకోవాలి. చావీ, ఇనియెస్టా, మెస్సీల పాసుల గురించి అందరూ మాట్లాడతారు. వాళ్లు అన్ని పాసులు ఆడగలగడానికి సగం కారణం, పోయిన బంతి వెంటనే తిరిగి రావడమే.

మొదటి కొన్ని సెకన్లే ఎందుకు? అప్పుడే బంతి గుంజుకున్నవాడి చూపు ఇంకా బంతి మీదే ఉంటుంది. తనవాళ్లు ఎక్కడున్నారో అతను చూసుకోలేదు. వాళ్లూ ఇంకా డిఫెండ్ చేసే చోట్లలోనే ఉన్నారు. అతను తల ఎత్తేలోగా మనం చేరుకోవాలి.

ఎవరి పని ఏమిటో ముందే పంచండి. బంతికి అతి దగ్గర ఉన్నవాడు నేరుగా అతని మీదికి వెళ్లాలి, కానీ పడి టాకిల్ చేయకూడదు. అతన్ని ముందుకు తిరగనివ్వకపోవడమే మొదటి పని. రెండో, మూడో మనుషులు అతనికి దగ్గర్లో ఉన్న పాస్ దారులు మూయాలి. బంతి లాక్కునేది చాలావరకు ఈ ఇద్దరే, ఎందుకంటే కంగారులో ఇచ్చిన పాస్ వాళ్ల కాళ్లకే తగులుతుంది. వెనక అయిదుగురు తమ మనుషులకు అతుక్కుపోవాలి. బంతి పోగొట్టుకున్నవాడు చేతులు విసురుతూ నిలబడకూడదు. ఆ ఒక్క సెకను చాలా ఖరీదైనది.

మరి ఎప్పుడు మానేయాలి? పిల్లలు మ్యాచ్‌లో సెకన్లు లెక్కపెట్టరు. అందుకే నేను వాళ్లకు ఒక గుర్తు చెప్తాను: ఎదుటివాడు తల ఎత్తాడా, మన గోల్ వైపు తిరిగాడా? రెండూ జరిగితే వేట అయిపోయినట్టే. అందరూ వెనక్కి పరిగెత్తి మధ్య భాగం మూసేయాలి. ఆ సమయంలో కావాలని ఫౌల్ చేసి ఆట ఆపమని నేర్పే కోచ్‌లున్నారు. పెద్ద స్థాయిలో అది మామూలే. పిల్లలకు మాత్రం నేను నేర్పను. ఫౌల్ అలవాటైతే కాళ్లు కదపడం మానేస్తారు.

5. బంతి దొరికాక ఏం చేయాలి

జట్టు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. కష్టపడి లాక్కున్న బంతిని హడావిడిగా ముందుకు కొట్టి మళ్లీ పోగొట్టుకుని, మళ్లీ వెంటపడతారు. ఇలా మూడుసార్లు జరిగితే ఊపిరి అయిపోతుంది.

ఇందులో రెండు దారులున్నాయి. యుర్గెన్ క్లోప్ శిక్షణలో 2010-11, 2011-12 బుందెస్‌లీగా గెలిచిన బొరూషియా డార్ట్‌మండ్ లాక్కున్న బంతితో వీలైనంత తొందరగా గోల్‌వైపు దూకేది. ఎదుటివాళ్లు చెదిరి ఉన్న ఆ క్షణాన్నే గోల్ అవకాశంగా చూసేది. గ్వార్డియోలా బార్సిలోనా చాలాసార్లు బంతిని గుంపులోంచి బయటికి తీసి మళ్లీ పాసులు మొదలుపెట్టేది. మీరు రెండూ నేర్పాలి, ఎప్పుడు ఏదో కూడా చెప్పాలి.

నేను పెట్టుకున్న నియమం సులభమైనది. బంతి దొరికినవాడు మొదట ముందుకు చూడాలి. రెండు పాసుల్లో షాట్ కొట్టేంత దారి కనిపిస్తే వెళ్లిపోవాలి. కనిపించకపోతే మొదటి పాస్ గుంపుకు దూరంగా, ఖాళీగా ఉన్న మనిషికి వెళ్లాలి, అది వెనక్కి అయినా సరే. ఆ తర్వాత ఎనిమిది పది పాసులు తొందర లేకుండా ఆడాలి. అవి గోల్ కోసం ఆడే పాసులు కావు, ఊపిరి తీసుకోవడానికి. ఒక మ్యాచ్‌లో పెద్ద ఆటగాళ్లు 10 నుంచి 12 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతారు. హై ప్రెస్‌లో ఆ పరుగు కుదుపులు కుదుపులుగా, పూర్తి వేగంతో ఉంటుంది. విశ్రాంతికి చోటు బంతి మన దగ్గర ఉన్నప్పుడు మాత్రమే దొరుకుతుంది.

అయితే విశ్రాంతి అలవాటై అదే ఆటగా మారకూడదు. 2018 ప్రపంచకప్ రెండో రౌండ్‌లో రష్యా మీద స్పెయిన్ 1000కి పైగా పాసులు ఆడింది. 120 నిమిషాల తర్వాత స్కోరు 1-1, పెనాల్టీ షూటవుట్‌లో ఓటమి. రష్యా వెనక కూర్చుంది, స్పెయిన్ దాని ముందు బంతిని అటూ ఇటూ తిప్పింది. పాస్ ఎవరినీ కదిలించకపోతే అలాంటి పాసులు ఎన్ని ఆడినా లాభం లేదు.

6. ఎదుటివాళ్ల గోల్ కిక్ నుంచి ప్రెస్

ఇంతవరకు చెప్పింది బంతి పోయినప్పటి సంగతి. ఎదుటివాళ్లు గోల్ కిక్‌తో మొదలుపెట్టినప్పుడు పద్ధతి వేరు, అక్కడ సర్దుకోవడానికి మనకు సమయం ఉంటుంది. 2019లో నియమం మారిన తర్వాత గోల్ కిక్‌ను పెనాల్టీ బాక్సు లోపలే తమవాడికి ఇవ్వొచ్చు. బంతి ఆటలోకి వచ్చేదాకా మనవాళ్లు బాక్సు బయటే ఉండాలి. అంటే బంతి కదిలిన క్షణమే మన పరుగు మొదలు.

స్ట్రైకర్ (అందరికంటే ముందు ఆడేవాడు) నేరుగా పరిగెత్తకూడదు. వంపు తిరిగి వెళ్లి, బంతి ఉన్న సెంటర్‌బ్యాక్‌కూ రెండో సెంటర్‌బ్యాక్‌కూ మధ్య దారిని తన ఒంటితో కప్పాలి. అప్పుడు బంతి ఒకవైపుకే వెళ్తుంది. అది ఫుల్‌బ్యాక్‌కు చేరగానే మన వింగర్ మీదికి వెళ్తాడు. టచ్‌లైన్ మనకు ఇంకో డిఫెండర్ లాంటిది, అటు పోవడానికి దారి ఉండదు. ఈలోగా మిడ్‌ఫీల్డర్లు అతనికి దగ్గర్లో ఉన్నవాళ్లను పట్టుకోవాలి.

ఎప్పుడు దూకాలో తెలిపే సంకేతాలు అందరికీ ఒకటే ఉండాలి: నెమ్మదిగా వెళ్తున్న పాస్, గోల్‌కీపర్‌కు వెనక్కి ఇచ్చిన పాస్, తన గోల్ వైపు తిరిగి బంతి అందుకుంటున్నవాడు, ఎగురుతూ వస్తున్న బంతి, కాలికి దూరంగా పోయిన మొదటి టచ్. ఇందులో ఏదీ లేకపోతే ఆగాలి. గోల్‌కీపర్ చేతుల్లో బంతి ఉన్నప్పుడు అతని వెంట పడటం దండగ. 2025-26 నుంచి కీపర్ 8 సెకన్లకు మించి బంతి పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తున్నారు. ఆ సెకన్లలో అతని చుట్టూ ఉన్నవాళ్లను మూసి ఉంచితే చాలు.

మైదానమంతా మనిషికి మనిషి పట్టుకోవాలా అని చాలామంది అడుగుతారు. మార్సెలో బియెల్సా కోచ్‌గా ఉన్న లీడ్స్ యునైటెడ్ అలాగే ఆడింది. 2020-21లో ప్రీమియర్ లీగ్‌కు తిరిగొచ్చిన మొదటి సీజన్‌లోనే 9వ స్థానంలో నిలిచింది. అదే సీజన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 6-2తో ఓడింది. ఒక్కడు డ్రిబుల్ చేసి దాటితే గొలుసంతా తెగుతుంది. నేర్పడం తేలిక గనక మొదటి రోజుల్లో మీరూ వాడొచ్చు, వెనక మాత్రం ఒక మనిషిని ఎవరికీ కేటాయించకుండా అదనంగా ఉంచండి.

7. మోతాదు

90 నిమిషాలూ హై ప్రెస్ ఎవరూ చేయలేరు. 2022 ప్రపంచకప్‌లో స్పెయిన్ మీద జపాన్ చేసింది చూడండి. మొదటి సగమంతా వెనకే ఉండి 0-1తో వెనకబడింది. విరామం అవగానే ఒక్కుమ్మడిగా స్పెయిన్ కీపర్, డిఫెండర్ల మీదికి ఉరికింది. 48వ నిమిషంలో రిత్సు దోవాన్, 51వ నిమిషంలో ఆవో తనాకా గోల్స్ కొట్టారు. తర్వాత మళ్లీ వెనక్కి తగ్గి 2-1తో గెలిచింది. మ్యాచ్ మొత్తంలో జపాన్ దగ్గర బంతి ఉన్నది 18 శాతం లోపే.

మీ జట్టుకూ ఇలా ముందే సమయాలు పెట్టండి. మేము మొదటి 10 నిమిషాలు, విరామం తర్వాత 10 నిమిషాలు పూర్తిగా పైన ప్రెస్ చేస్తాం. మిగతా సమయంలో సెంటర్ లైన్ దగ్గర ఆగి, పైన చెప్పిన సంకేతం కనిపిస్తేనే కదులుతాం. బంతి పోయినప్పటి 5 సెకన్ల వేట మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఒక గోల్ ఆధిక్యంలో ఉండి కాళ్లు బరువెక్కితే బంతి పట్టుకుని ఆడటమే డిఫెన్స్.

అన్నిటికంటే ప్రమాదం, ముందు ముగ్గురు దూకి వెనక ఏడుగురు ఆగిపోవడం. మధ్యలో 30 మీటర్ల ఖాళీ తెరుచుకుంటుంది, అందులో ఎదుటి మిడ్‌ఫీల్డర్ హాయిగా తిరిగి పాస్ ఎంచుకుంటాడు. వెళ్తే అందరూ వెళ్లాలి, ఆగితే అందరూ ఆగాలి. ఆ మాట చెప్పే అధికారం ఒక్కరికే ఇవ్వండి. మైదానమంతా కళ్లెదుట ఉంటుంది గనక మా జట్టులో అది సెంటర్‌బ్యాక్‌కు ఇచ్చాను.

8. ప్రాక్టీసు ఎలా పెట్టాలి

విడివిడిగా కాకుండా ప్రతి ఆటలోనూ రెండూ ఉండేలా చూడండి. మొదట రోండో: చిన్న చతురస్రంలో అయిదుగురు బయట, ఇద్దరు లోపల. మామూలుగా బంతి పోగానే మనుషులు మారతారు. మీరు అలా ఆపకండి. లోపలివాళ్లు బంతిని చతురస్రం బయటికి తీసుకెళ్లేలోగా అయిదుగురూ తిరిగి లాక్కుంటే మార్పు ఉండదని చెప్పండి. ఆట స్వభావమే మారిపోతుంది.

తర్వాత 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు స్థలంలో నలుగురికి నలుగురు, బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లవైపు ఆడే ముగ్గురు అదనం. మూడు నాలుగు నిమిషాలు ఆడించి, రెండు నిమిషాలు ఆపండి. అలసిన కాళ్లతో ప్రెస్ నేర్పితే ఆలస్యంగా వెళ్లడం నేర్చుకుంటారు.

చివర్లో సగం మైదానంలో ఎనిమిదిమందికి ఎనిమిదిమంది, రెండు గోల్స్‌తో. లాక్కున్న 6 సెకన్లలో కొట్టిన గోల్‌కు రెండు పాయింట్లు. ఎనిమిది పాసుల తర్వాత కొట్టిన గోల్‌కూ రెండు పాయింట్లు. మధ్యలో ఎప్పుడో ఆలోచన లేకుండా కొట్టిన దానికి ఒకటే. అయిదో మెట్టులో చెప్పిన నిర్ణయం ఇలా ఆడుతుండగానే ఒంటబడుతుంది. మ్యాచ్ ముందురోజు మాత్రం ఇవేవీ వద్దు.

9. ఏం లెక్కపెట్టాలి

పొసెషన్ శాతం పక్కన పెట్టండి. పెద్ద క్లబ్బుల్లో ప్రెస్ తీవ్రతను కొలవడానికి, మన ఒక్కో టాకిల్‌కో అడ్డగింపుకో ఫౌల్‌కో ఎదుటివాళ్లు తమ భాగంలో ఎన్ని పాసులు ఆడారో చూస్తారు. ఆ సంఖ్య ఎంత తగ్గితే ప్రెస్ అంత గట్టిగా ఉన్నట్టు. మనకు అంత హంగామా అక్కర్లేదు. బెంచి మీద ఉన్న ఆటగాడికి ఒక కాగితం, పెన్ను ఇవ్వండి. ఎదుటి సగంలో మన బంతి పోయిన ప్రతిసారీ ఒక గీత గీయాలి. 5 సెకన్లలో తిరిగి దొరికితే ఆ గీత చుట్టూ సున్నా చుట్టాలి. తిరిగి దొరికిన బంతితో మూడు పాసులైనా ఆడితే పక్కన చుక్క పెట్టాలి. సున్నాలు తక్కువగా ఉంటే రెండో మెట్టుకు వెళ్లి దూరాలు సరిచేయండి. సున్నాలు ఉండి చుక్కలు లేకపోతే అయిదో మెట్టు. విరామంలో ఆ కాగితాన్ని రాసినవాడి చేతే జట్టుకు చదివించండి. తర్వాతి మ్యాచ్‌లో కాగితం ఇంకొకరికి ఇవ్వండి.